బూరకు గడువు

"ఈ గరాటా ఆకారం ఎవరి సొత్తండీ?"

నన్ను ఈ మాట అడిగింది రేకు పని చేసే ఒక కుర్రాడు. గాలివానకు గుడి మీది మైకు హారన్ ఒకటి కిందపడి సొట్టలు పోయింది. మైకుసెట్టు ఆయన దాన్ని పట్టుకొచ్చి, అచ్చం ఇలాంటిదే అల్యూమినియం రేకుతో చేసి ఇమ్మన్నాడు. "చెయ్యడం నాకు కష్టం కాదండీ. కానీ ఇలాంటి వాటికి పేటెంట్లు ఉంటాయంటారు గదా. రేపెవరైనా వచ్చి మా ఆకారం నువ్వెట్లా చేశావంటే ఏం చెప్పాలి?"

భయం లేదు, చేసుకో అని ఒక్క ముక్కలో చెప్పి పంపేయొచ్చు. కానీ ఎందుకు భయం లేదో తెలియాలి గదా. అది తెలియాలంటే రెండు సంగతులు చూడాలి. ఒట్టి గరాటాలా కనపడే ఆ రేకులో కనిపెట్టడానికి ఏముంది? కనిపెట్టినవాడికి దాని మీద హక్కు ఎన్నాళ్ళు? మైకుసెట్టు వాళ్ళు హారన్ అనే ఆ వస్తువును ఇక్కడ నేను బూర అంటాను. మనకు ఆ మాట పాతదే, ఆకారమూ అదే.

ఆకు లేని విసనకర్ర

మైకుసెట్టు కొట్టులో ఒక పని చేయించి చూడండి. బూర వెనకాల గుండ్రంగా, బరువుగా ఉండే భాగాన్ని యూనిట్ అంటారు. శబ్దం పుట్టేది అందులోనే. దాన్ని మర విప్పి విడదీసి, బాగా తక్కువ సౌండుతో పాట పెట్టమనండి. పాట పల్చగా, కీచుగా, పక్కింటి రేడియోలో వస్తున్నట్టు ఉంటుంది. ఆపకుండానే యూనిట్‌ని మళ్ళీ బూరకు బిగించమనండి. అదే పాట వీధిలోకి వచ్చేస్తుంది. కరెంటు పిసరంత కూడా ఎక్కువ ఇవ్వలేదు, ఆంప్లిఫయర్ మీట ముట్టుకోలేదు. మరి ఈ బలం ఎక్కడిది?

సౌండు తక్కువ పెట్టమన్నది ఊరికే కాదు. బూర లేకుండా యూనిట్‌ని గట్టిగా వాయిస్తే లోపలి పల్చటి పొర, అంటే డయాఫ్రం, అదుపు తప్పి ఊగి చిరిగిపోవచ్చు. ఎదురు నెట్టే గాలి బరువు లేకపోవడమే దానికి కారణం. రహస్యం అక్కడే ఉంది.

తాటాకు విసనకర్రకి ఆకు పీకేసి ఒట్టి కాడతో విసురుకోండి. చెయ్యి నొప్పి పుడుతుంది గానీ గాలి రాదు. కాడ గాలిని కోసుకుంటూ పోతుందే తప్ప తోయదు. యూనిట్ లోపలి పొర పరిస్థితి అదే. అది సెకనుకు వేలసార్లు ఊగాలి కాబట్టి తేలిగ్గా, చిన్నదిగా ఉండక తప్పదు. చిన్నది కాబట్టి బయటి గాలి దాని పక్కల నుంచి జారుకుంటుంది. పొరను పెద్దది చేద్దామంటే బరువెక్కి అంత వేగంగా ఊగలేదు.

బూర ఈ చిక్కును విడదీసింది. పొర ముందు సన్నటి గొంతు పెడితే గాలి పక్కలకు జారే దారి ఉండదు. నెట్టినప్పుడల్లా తిరిగి నెడుతుంది. ఈ ఎదురుబరువునే శాస్త్రజ్ఞులు ఇంపిడెన్స్ అంటారు. గొంతులో ఒత్తిడిగా పుట్టిన ఆ అల ముందుకు పోయేకొద్దీ గోడలు కొంచెం కొంచెంగా విచ్చుకుంటాయి. అల ఒత్తిడి తగ్గుతూ, వైశాల్యం పెరుగుతూ వచ్చి, నోటి దగ్గరికి చేరేసరికి పెద్ద విసనకర్ర ఆకంత అవుతుంది. చిన్న పొర చేతికి పెద్ద ఆకు తగిలించడమే బూర పని.

కొంచెం కొంచెంగా విచ్చుకోవడం అన్నదే ఇక్కడ అసలు విద్య. గొట్టం ఒక్కసారిగా తెరుచుకుంటే, కాలవలో అల తలుపుకు తగిలి వెనక్కి మళ్ళినట్టు, శబ్దంలో చాలా భాగం లోపలికే తిరిగిపోతుంది. పెట్టెలో బిగించిన మామూలు స్పీకరు తనకిచ్చిన కరెంటులో నూటికి ఒక పాలు అటూ ఇటూగా మాత్రమే శబ్దంగా మారుస్తుంది, మిగతాదంతా వేడి. మంచి బూర నూటికి పది, ఇరవై పాళ్ళు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే మారుస్తుంది. జాతరలో చిన్న బ్యాటరీ పెట్టె మీద ఊరంతా మోగించగలిగేది అందుకే.

మరి లోపం? సైజు. ధ్వని అలకు పొడవుంటుంది. సెకనుకు 1000 ఊపుల స్వరం అల పొడవు 34 సెంటీమీటర్లు. 50 ఊపుల మంద్రస్వరానిది దాదాపు 7 మీటర్లు. బూర నోటి చుట్టుకొలత సుమారుగా అల పొడవంత ఉంటేనే ఆ స్వరం హాయిగా బయటికి వస్తుంది. గుడి మీది బూర నోరు మూరెడు, అంటే 45 సెంటీమీటర్ల వెడల్పు అనుకుందాం. చుట్టుకొలత 1.4 మీటర్లు. సెకనుకు 240 ఊపులకు దిగువనున్న స్వరాలు దానికి పట్టవు. గుడి మైకులో డోలు మీద కర్ర దెబ్బ టక్కున వినిపిస్తుంది గానీ, గుండెల్లో కొట్టే ఆ మోత ఉండదు. ఆ మోత కూడా కావాలంటే 50 ఊపులకు 2.2 మీటర్ల నోరు, ఏడడుగులకు పైనే! ఇంటి గుమ్మంలో పట్టదు.

ఈ లోపాన్ని గెలవడానికి వందేళ్ళుగా జరిగిన ప్రయత్నాలే బూర పేటెంట్ల కథ.

చెరువు తవ్వినవాడికి చేపల హక్కు

పేటెంట్ అన్న మాటకు మూలం లాటిన్‌లో తెరిచి ఉండడం. రాజముద్ర వేసి, అందరూ చదివేలా తెరిచి ఉంచిన పత్రాలనే పూర్వం ఆ పేరుతో పిలిచేవారు. మనలో చాలామంది పేటెంటంటే తాళం అనుకుంటాం. తాళం వేసుకునేవాడు వేరు. పెళ్ళివంటల మేస్త్రి తన మసాలా పాళ్ళు కొడుక్కి తప్ప ఎవరికీ చెప్పడు. కొడుక్కి చెప్పకుండా పోతే ఆ రుచి కూడా ఆయనతోనే పోతుంది. పేటెంటు ఆ దారి కాదు. కనిపెట్టినవాడు బొమ్మలు గీసి, కొలతలు విడమరిచి, ఆ పని తెలిసిన మరొకడు చదివి చేయగలిగేలా అంతా రాసివ్వాలి. అందుకు ప్రతిగా ప్రభుత్వం కొన్నేళ్ళపాటు ఇతరులు దాన్ని చేయకుండా, అమ్మకుండా ఆపే హక్కు ఇస్తుంది.

ఊరి చెరువులో చేపల పాట తెలిసిందే గదా. పాట పాడుకున్నవాడికి గడువు దాకా చేపల మీద పూర్తి హక్కు, ఆ తర్వాత లేదు. పేటెంటు కూడా దాదాపు అంతే. తేడా ఒక్కటే, ఇక్కడ హక్కు దక్కేది చెరువు తవ్వినవాడికి. గడువు తీరాక ఆ చెరువు ఊరందరిదీ.

ఆ గడువు దేశాన్ని బట్టీ, కాలాన్ని బట్టీ మారుతూ వచ్చింది. అమెరికాలో చాలా కాలం పేటెంటు మంజూరైన రోజు నుంచి 17 ఏళ్ళు. 1995 జూన్ 8 నుంచి దాఖలు చేసిన దరఖాస్తులకు, దాఖలు తేదీ నుంచి 20 ఏళ్ళు. మన దేశంలో 1970 చట్టం మామూలు వస్తువులకు 14 ఏళ్ళు ఇచ్చింది. 2002 సవరణతో మనకూ 20 ఏళ్ళయింది. ఏటేటా రుసుము కట్టకపోతే హక్కు మధ్యలోనే రాలిపోతుంది. ఇంకో సంగతి, పేటెంటు ఇచ్చిన దేశపు సరిహద్దు దాటదు. అమెరికాలో మాత్రమే తీసుకున్న పేటెంటు మన రేకుల కొట్టును ఏమీ చేయలేదు.

అన్నిటికీ పేటెంటు దొరకదు కూడా. అమెరికాలోని క్లార్క్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పిన ఆర్థర్ గోర్డన్ వెబ్‌స్టర్ 1919లో ఒక వ్యాసం అచ్చువేశాడు. బూర గోడలు ఎలా విచ్చుకుంటే లోపల శబ్దం ఎలా నడుస్తుందో చెప్పే సూత్రం అందులో ఉంది. ఇవాళ్టికీ బూరలు చేసేవాళ్ళంతా దాంతోనే మొదలుపెడతారు. అలాంటి సూత్రం ఎవరి సొత్తూ కాదు. శాస్త్ర సూత్రాన్ని కనుక్కోవడం ఒక్కటే పేటెంటుకు చాలదని మన చట్టం మూడో సెక్షనే చెబుతుంది. ఆ సూత్రాన్ని వాడి ఫలానా పద్ధతిలో మడిచిన పెట్టెకో, ఫలానా వంపు తిప్పిన నోటికో మాత్రం దొరుకుతుంది. పేటెంటు చివర అంకెలు వేసి రాసే హక్కు వాక్యాలుంటాయి, వాటిని క్లెయిములు అంటారు. పొలానికి సరిహద్దు రాళ్ళెలాగో పేటెంటుకు అవి అలాగ. ముందు పేజీల్లో ఎంత రాసుకున్నా, హక్కు ఆ రాళ్ళ మధ్యనున్నంత వరకే.

గది మూలే బూర

ఏడడుగుల నోరు ఇంట్లో పట్టదన్న చిక్కుకు అందరికంటే అందమైన జవాబు చెప్పినవాడు పాల్ క్లిప్ష్. పుట్టింది 1904లో అమెరికాలోని ఇండియానాలో. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అర్కన్సా రాష్ట్రం హోప్ అనే చిన్న పట్టణం దగ్గర సైన్యం వాళ్ళ ఆయుధ పరీక్షా స్థలంలో పనిచేశాడు. ఆ ఊళ్ళోనే 1946లో తన కంపెనీ పెట్టాడు.

ఆయన ఆలోచన ఇది. మైదానంలో నిలబడి అరిస్తే గొంతు అన్ని వైపులకూ చెదిరిపోతుంది. గోడకు ఆనుకుని అరిస్తే సగం చోటుకే పంచాలి. రెండు గోడలూ నేలా కలిసే మూలలో కూర్చుని అరిస్తే ఎనిమిదో వంతు చోటు చాలు. అంటే మూలలో పెట్టిన బూరకు నోటి వైశాల్యం కూడా ఎనిమిదో వంతు ఉంటే సరిపోతుంది. 50 ఊపులకు కావలసిన నోటి వైశాల్యం 3.8 చదరపు మీటర్లు. మూలలో దాదాపు అర చదరపు మీటరుకు దిగివస్తుంది. మిగతా బూరను క్లిప్ష్ చేయలేదు, ఇల్లు కట్టిన తాపీ మేస్త్రి ముందే చేసిపెట్టాడు. గది గోడలే బూర గోడలు!

అయినా గొంతు నుంచి నోటిదాకా పొడవు కావాలి గదా. దానికి చెక్కపెట్టెలో దారిని మడిచాడు. 15 అంగుళాల స్పీకరు పెట్టె లోపల దాక్కుని ఉంటుంది, ముందు నుంచి చూస్తే కనపడదు. శబ్దం సన్నటి సందులోంచి బయలుదేరి, కిందికీ పైకీ చీలి, వెనక్కి తిరిగి, పెట్టెకు రెండు పక్కలా గోడల వెంట బయటికి వస్తుంది. పేటెంటు బొమ్మలో ఆ దారిని వేలితో తడిమి చూస్తే, పాతకాలపు మండువా ఇంట్లో వీధిగుమ్మం నుంచి పెరటిదాకా తిరిగి తిరిగి వెళ్ళినట్టుంటుంది. ఎక్కడా హఠాత్తుగా ఇరుకు కాదు, హఠాత్తుగా విశాలం కాదు. బల్లచెక్కలతో, నేరుగీతలతో, వంపు తిరిగిన బూరను అంత దగ్గరగా పోల్చుకురావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

1940లో దరఖాస్తు పెట్టాడు. 1943లో అమెరికా పేటెంటు వచ్చింది, సంఖ్య 2,310,243. ఆ గడువులో ఆ దారి ఆయనదే. ఇంగ్లండులో వైటవాక్స్, అమెరికాలో ఎలక్ట్రోవాయిస్ లాంటి కంపెనీలు ఆయన దగ్గర లైసెన్సు తీసుకుని మూల బూరలు చేశాయి. 17 ఏళ్ళు గడిచి 1960లో ఆ పేటెంటు తీరిపోయింది.

తర్వాత ఏమైందన్నది నాకు చాలా ఇష్టమైన భాగం. 1970లలో సియాటిల్ నగరంలో స్పీకర్‌ల్యాబ్ అనే కొట్టు అదే తరహా మూల బూరను విడి చెక్కలుగా కోసి, ఎవరింట్లో వాళ్ళు జిగురూ మేకులతో బిగించుకునేలా అమ్మింది. దానికి పెట్టుకున్న పేరు కె. కుర్రవాళ్ళు వారాంతాల్లో సావిట్లో కూర్చుని, మునుపు డబ్బున్నవాళ్ళు మాత్రమే కొనగలిగిన బూరను సొంత చేతులతో కట్టుకున్నారు. అందులో దొంగతనం ఏమీ లేదు. ఒప్పందమే అది.

మరి క్లిప్ష్ కంపెనీ మునిగిపోయిందా? లేదు. అదే మూల బూరను ఆ కంపెనీ ఇవాళ్టికీ చేసి అమ్ముతోంది, జనం కొంటున్నారు. పేటెంటు గడువు తీరుతుంది గానీ, పేరు మీద హక్కు తీరదు. ట్రేడ్‌మార్కును రుసుము కట్టి ఎన్నిసార్లయినా కొనసాగించుకోవచ్చు. అంతకంటే పెద్దది, పెట్టెను కోసి అతికే చేతుల అనుభవం. సందులు బిగుతుగా అతకకపోతే మంద్రస్వరం అక్కడే జారిపోతుంది. ఆ బిగుతు ఏ బొమ్మలోనూ కనపడదు.

పక్క వరసలో కూర్చున్నవాడు

మంద్రస్వరం సంగతి అలా తేలింది. తారస్వరాల చిక్కు వేరు. పాత పద్ధతి బూరలో స్వరం పెరిగేకొద్దీ శబ్దం సన్నటి టార్చి వెలుతురులా నడిమధ్యకే కూడుకుంటుంది. మధ్యలో కూర్చున్నవాడికి స, శ, ష అన్నీ స్పష్టంగా వినపడతాయి. పక్క వరసలవాడికి గొంతు వినపడుతుంది, మాట తెలియదు. సభకు వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది పక్కల కూర్చునేవాళ్ళే కదా, అందుకని ఇది చిన్న లోపం కాదు.

డాన్ కీల్ అనే ఇంజనీరు 1975లో ఒక పరిశోధనా పత్రం చదివాడు. అందరూ వాడుతున్న వంపులో అంత పవిత్రం ఏముందని దాని పేరులోనే అడిగాడు. ఆయన దారిలో బూర గొంతు దగ్గర ఒక రకంగా, ఆపైన తిన్నటి గోడలతో, నోటి దగ్గర మళ్ళీ ఎక్కువ విచ్చుకుంటూ ఉంటుంది. స్వరం ఏదైనా శబ్దం ఒకే వెడల్పున పరుచుకుంటుంది. 1978 జనవరిలో ఎలక్ట్రోవాయిస్ తరఫున పేటెంటు వచ్చింది, 1995 జనవరికి 17 ఏళ్ళు నిండాయి. అంతలో పోటీ కంపెనీలు చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఆల్టెక్‌లో ఇద్దరు ఇంజనీర్లు మాంటారే అనే మరో ఆకారం తెచ్చి, దానికి 1980లో వేరే పేటెంటు తీసుకున్నారు. ఒక సరిహద్దు రాయి అడ్డం వస్తే పక్కనుంచి కొత్త బాట పడింది. కీల్ కూడా తర్వాత జేబీఎల్ కంపెనీకి మారి, తన ఆకారాన్ని తానే మెరుగుపరిచి 1982లో ఇంకొకటి పొందాడు.

ఆ తర్వాతి పెద్ద అడుగు టామ్ డాన్లీ అనే ఆయనది. మంద్రానికొక బూర, మధ్యమానికొకటి, తారానికొకటి పక్కపక్కన పెడితే మూడు చోట్ల నుంచి వచ్చిన శబ్దాలు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. అన్నిటినీ ఒకే బూరలో కలిపితే? గోదావరిని తలుచుకోండి. త్ర్యంబకంలో సన్నటి ధార. ఆ ధారలో ప్రాణహితను తెచ్చి కలపలేం, పట్టదు. నది వెడల్పయ్యాక ప్రాణహిత, ఇంకా దిగువన ఇంద్రావతి, ఆపైన శబరి వచ్చి కలుస్తాయి. సముద్రం దగ్గర చూసేవాడికి ఒకే గోదావరి. డాన్లీ బూరలోనూ అంతే. సన్నటి గొంతు దగ్గర తారస్వరాల యూనిట్. కొంత ముందుకు, గోడకు వేసిన చిన్న రంధ్రాల గుండా మధ్యమ స్వరాల స్పీకర్లు. ఇంకా వెడల్పయిన చోట మంద్రస్వరాలవి. రంధ్రాలు ఎంత దూరంలో ఉండాలో అల పొడవే నిర్ణయిస్తుంది. దూరం ఎక్కువైతే గొంతులోకి పోయి తిరిగొచ్చిన అల, కొత్త అలను చెరిపేస్తుంది.

యూనిటీ అని పేరున్న ఈ బూరకు 1999లో అమెరికాలో దరఖాస్తు పెడితే 2002లో పేటెంటు వచ్చింది. దాఖలు నుంచి 20 ఏళ్ళ లెక్కన 2019లో తీరింది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. డాన్లీ ఆ తర్వాత సినర్జీ అనే పేరుతో మెరుగుపరిచిన రూపానికి వేరే పేటెంటు ఉంది. పాతది తీరితే పాతదే ఊరిదవుతుంది. కొత్తదానికి దాని గడువు దానిదే. ఏది ఏదో తెలుసుకోవాలంటే ఆ రెండింటి క్లెయిములూ ఓపిగ్గా చదివి పోల్చుకోవాల్సిందే, దగ్గరదారి లేదు.

గడువు తీరిన కాగితం

తీరిపోయిన పేటెంటును చాలామంది చచ్చిన కాగితం అనుకుంటారు. నేనలా అనుకోను. దానికి ఉదాహరణగా ఒక వంపు కథ చెబుతాను.

బల్ల మీద గొలుసు గడియారం ఒకటి పెట్టండి. గొలుసు చివర పట్టుకుని బల్ల అంచు వెంట నేరుగా లాక్కుపోండి. గడియారం నేరుగా రాదు, వంకర తిరుగుతూ మెల్లగా అంచు వైపు చేరుతుంది. అది గీసే దారి పేరు ట్రాక్ట్రిక్స్. లాగుడు వంపు అందాం. 17వ శతాబ్దంలోనే పారిస్‌లో క్లాడ్ పెరో ఇలా గడియారం లాగి చూపించాడు, హైగెన్స్ దాని లెక్క తేల్చాడు. 1920లలో ఇంగ్లండులో పాల్ వోయ్‌ట్ ఈ వంపుతో బూర చేసి బ్రిటిష్ పేటెంటు పొందాడు. బూరలో నడిచే అల ముఖం బంతి ముక్కలా గుండ్రంగా ఉండాలనీ, అది గోడను లంబంగా తాకాలనీ ఆయన పట్టుదల. వంపు ఎవరిదీ కాదు, ఆ వంపు తిరిగిన బూర మాత్రం కొన్నాళ్ళు ఆయనది.

గడువు ఎప్పుడో తీరింది. దశాబ్దాల తర్వాత ఆ వంపును మళ్ళీ పట్టుకుని తన స్పీకర్లలో వాడినవాళ్ళలో క్లిప్ష్ కంపెనీ కూడా ఉంది. తన పేటెంటు తీరిపోతే పక్కవాళ్ళు నేర్చుకున్నారు. పక్కవాడిది తీరిపోతే తాను నేర్చుకుంది.

ఇంకా వెనక్కి వెళ్తే, యూనిట్ లోపలి తీగచుట్టకు కూడా ఇదే కథ. అయస్కాంతం మధ్య ఊగే తీగచుట్టకు 1898లోనే ఆలివర్ లాడ్జ్ బ్రిటన్‌లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన కాలంలో పెద్ద శబ్దం పుట్టించే ఆంప్లిఫయర్ లేదు. 1915లో కాలిఫోర్నియాలో జెన్సన్, ప్రిడమ్ అనే ఇద్దరు అలాంటి తీగచుట్టకే గ్రామఫోను బూర తగిలించారు. ఆ ఏడాది క్రిస్మస్ ముందు సాన్‌ఫ్రాన్సిస్కోలో వేలాది జనానికి పాటలూ మాటలూ వినిపించారు. మహాస్వరం అనే అర్థం వచ్చేలా దానికి మాగ్నవాక్స్ అని పేరు పెట్టారు. మన మైకుసెట్టుకు ముత్తాత అదే.

రేకు పని కుర్రాడికి ఇదంతా ఒక సాయంత్రం కూర్చుని చెప్పాను. అతని చేతిలో ఉన్నది మడత బూర. గొట్టం ముందుకు పోయి, వెనక్కి మళ్ళి, మళ్ళీ ముందుకు వచ్చి విచ్చుకుంటుంది. 1925లో విక్టర్ కంపెనీ తెచ్చిన ఆర్థోఫోనిక్ గ్రామఫోన్లలోనే బూరను పెట్టెలో మడిచి పెట్టారు. మైకుల కోసం ఇలా మడిచిన బూరలు 1940ల నాటికే వాడుకలో ఉన్నాయి. ఆ ఆకారం మీద ఇప్పుడు ఎవరికీ పేటెంటు హక్కు లేదు. "ఒక్కటి మాత్రం చెయ్యకు. పాత బూర అంచు మీద అచ్చొత్తిన కంపెనీ పేరుంది చూడు, అది నీ రేకు మీద కొట్టకు. అది గడువు లేని హక్కు" అన్నాను.

అతను తల ఊపి, పాత బూరను ఒళ్ళో పెట్టుకుని గొంతు లోపలికి వేలు పోనిచ్చాడు. ప్రపంచంలో చాలా కంపెనీల యూనిట్లకు పట్టేది అంగుళం మీద మూడు బై ఎనిమిది మర. అది ఒక్క వెంట్రుకవాసి తేడా వచ్చినా గాలి కారిపోతుంది. "ఆకారం తేలికేనండీ, ఈ మరతోనే గొడవ" అంటూ సొట్టలు పడ్డ రేకును పక్కన పెట్టి, ఇత్తడి మర రింగు ఒక్కటీ జాగ్రత్తగా ఊడదీశాడు, కొత్తదానికి అదే వేద్దామని.